పొద్దున్నే అందని వైఫై: చీమకుర్తి కాటా గది కంప్యూటర్‌పై కేస్ స్టడీ

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే దారిలో, చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. గేటు పక్కన కాటా గదిలో ఉన్న కంప్యూటర్‌కు ఉదయం ఆన్ చేసిన వెంటనే వైఫై రావడం లేదనీ, కాసేపు తంటాలు పడిన తరువాత గానీ అందడం లేదనీ యూనిట్ వారి ఫిర్యాదు. వినడానికి ఇది చిన్న ఇబ్బందే. అయితే గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు వేసుకొచ్చే లారీలు తెల్లవారేసరికే గేటు దగ్గర వరుస కడతాయి. సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూకం వేసి, ఆ రెండు అంకెలూ ఆఫీసు కంప్యూటర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌లో చేరితేనే అక్కడ బిల్లు తయారవుతుంది. కాటా గదిలో నెట్‌వర్క్ లేని ఉదయం మొదటి లారీ ప్లాట్‌ఫారం దిగదు, దాని వెనక ఉన్నవేవీ కదలవు.

ఆఫీసుకూ కాటా గదికీ మధ్య దూరం నలభై మీటర్లకు మించదు. ఈథర్‌నెట్ కేబుల్ వంద మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది కాబట్టి, ఇలాంటి చోట నేను ముందు అడిగేది కేబుల్ గురించే. కానీ ఈ రెండు గదుల నడుమ నేల మీదుగానే బ్లాకుల లారీలు తిరుగుతాయి. గతంలో పూడ్చిన పైపు ఆ బరువుకు నలిగి కేబుల్ తెగిపోయిందట. పైనుంచి లాగుదామంటే క్రేన్ తిరిగే జాగా. అందువల్ల వైఫై తప్పనిసరైంది. ఆఫీసులో ఫైబర్ కనెక్షన్, దానికి రౌటర్. కాటా గదిలో విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్, దాని వెనక యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన చిన్న వైఫై డాంగిల్. ఆ డాంగిల్ 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండులో మాత్రమే పనిచేసే రకం. నేను వెళ్లేసరికే రౌటర్ మార్చారు, డాంగిల్ మార్చి అదే మోడల్ కొత్తది కొన్నారు, చివరికి విండోస్ కూడా మళ్లీ ఎక్కించారు. ఏదీ ఉపయోగపడలేదు. ఎందుకు పడలేదో తరువాత తెలుస్తుంది.

కాటా చూసే కుర్రవాడు చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకున్నాను. "సార్, పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే లిస్టులో వైఫై పేరే కనపడదు. డాంగిల్ పీకి మళ్లీ గుచ్చితే వచ్చిద్ది. ఒక్కోసారి ఏం పీకకుండా రీస్టార్ట్ కొట్టినా వచ్చిద్ది." సగం రోగనిర్ధారణ ఈ మాటల్లోనే ఉంది. ఇలాంటి పనిలో వాడేవాళ్ల మాటను "వైఫై రావడం లేదట" అని కుదించి రాసుకుంటే, అసలు ఆధారాలు అక్కడే పోతాయి.

వైర్‌లెస్ కనెక్షన్ అనేది ఒక్క పని కాదు, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన కొన్ని పనుల వరుస. ముందు అడాప్టర్, అంటే వైఫైని అందుకునే పరికరం (ఇక్కడ డాంగిల్), మేలుకోవాలి. తరువాత అది గాలిలో రౌటర్ ప్రకటిస్తున్న పేరును వినాలి. ఆపై పాస్‌వర్డ్ సరిచూసుకోవడం పూర్తికావాలి. అప్పుడు రౌటర్ నుంచి, నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే ఐపీ చిరునామా అందాలి. ఆ తరువాతే ఉమ్మడి ఫోల్డర్లూ, బ్రౌజరూ పనిచేస్తాయి. తెర మీద మాత్రం ఏ మెట్టు దగ్గర ఆగినా "నెట్ లేదు" అన్న ఒకే ముక్క కనిపిస్తుంది. ఉదాహరణకు, చిరునామా 169.254తో మొదలైతే పాస్‌వర్డ్ వరకు అంతా బాగానే జరిగిందనీ, రౌటర్ చిరునామా ఇవ్వకపోవడంతో విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందనీ అర్థం. అప్పుడు చూడవలసింది రౌటర్‌లో చిరునామాలు పంచిపెట్టే డీహెచ్‌సీపీని. ఇక్కడ పేరే కనిపించడం లేదంటున్నారు కాబట్టి లోపం మొదటి రెండు మెట్లలోనే ఉండాలి. పాస్‌వర్డును మర్చిపొమ్మని మళ్లీ కొట్టడం, ఐపీ చిరునామాను చేత్తో ఇవ్వడం వంటి పనులు ఈ దశలో దండగ.

రెండో మెట్టును ముందు పరీక్షించాను, ఎందుకంటే అది తేలిక. కాటా గది గోడలు ఇనుప రేకులు; వైఫై సంకేతానికి రేకు పెద్ద అడ్డంకి. అయినా అదే గదిలో, అదే బల్ల మీద పెట్టిన ఫోన్‌కు ఉదయం పూట కూడా వైఫై చక్కగా అందుతోంది. ఫోన్ వింటున్నదాన్ని కంప్యూటర్ వినలేకపోతున్నప్పుడు ఛానల్ సంగతి, అంటే బ్యాండులోని ఏ భాగంలో రౌటర్ మాట్లాడుతోందన్నది, తప్పక చూడాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండులో 1 నుంచి 13 వరకు ఛానళ్లు వాడుకోవచ్చు, కానీ అమెరికా నిబంధనలకు తగ్గట్టు అమర్చిన కొన్ని డాంగిళ్లు 11 దాటి వినవు. రౌటర్‌లో ఛానల్ ఎంపిక ఆటోమేటిక్‌గా ఉంటే, అది ఆన్ అయిన ప్రతిసారీ తనకు నచ్చిన ఛానల్ ఎంచుకుంటుంది. 12 గానీ 13 గానీ ఎంచుకున్న రోజున ఆ కంప్యూటర్‌కు రౌటర్ లేనట్టే. ఇక్కడ కూడా ఆటోమేటిక్‌గానే ఉంది, అయితే వైఫై అందని ఉదయం చూసినా రౌటర్ ఉన్నది 6లోనే. కాబట్టి ఈ కేసులో దోషి అది కాదు. అయినా ఛానల్‌ను 6లో స్థిరంగా ఉంచేశాను. పరిశీలన జరుగుతున్నంతకాలం కదిలే వస్తువులు ఎంత తక్కువగా ఉంటే ఫలితాన్ని అంతగా నమ్మవచ్చు.

డాంగిల్ పీకి గుచ్చితే వస్తోందన్నప్పుడు చాలామంది పోర్టులో దుమ్మును అనుమానిస్తారు. గ్రానైట్ కోసే చోట మెత్తటి రాతిపొడి ఎక్కడైనా పడుతుంది, ఆ సీపీయూ మీద కూడా తెల్లటి పొర ఉంది. కానీ డాంగిల్‌ను ముట్టుకోకుండా రీస్టార్ట్ చేసినా కనెక్షన్ వస్తోంది. కాంటాక్టు లోపమైతే రీస్టార్ట్‌తో సరిపోదు. అప్పటికే ఎవరో, విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో "విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటర్ ఆపవచ్చు" అన్న టిక్కు తీసేశారు. నెట్ రానప్పుడు అందరూ ముందుగా చేసే చిట్కా అదే. అయితే ఆ టిక్కు కంప్యూటర్ నడుస్తున్నప్పుడు పనిలేని పరికరాన్ని నిద్రపుచ్చడానికి సంబంధించినది. ఉదయం మొదటిసారి ఆన్ చేసినప్పుడు వచ్చే లోపానికి దానితో సంబంధం తక్కువ.

రీస్టార్ట్‌కూ, షట్‌డౌన్ చేసి ఆన్ చేయడానికీ తేడా ఉండటమే ఈ కేసులో కీలకం. రెండూ ఒకటేనని, పైగా షట్‌డౌన్ ఇంకా పూర్తిగా ఆపడమని చాలామంది నమ్మకం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చిన తరువాత నిజం దీనికి తలకిందులుగా మారింది. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ మనం తెరిచిన ప్రోగ్రాములన్నిటినీ మూస్తుంది గానీ, విండోస్‌కు గుండెకాయ లాంటి లోపలి కెర్నెల్‌నూ, పరికరాలను నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌నూ అప్పటి స్థితిలోనే డిస్కులో ఒక ఫైలుగా దాచుకుంటుంది. చదువుతున్న పేజీ దగ్గర పుల్ల పెట్టి పుస్తకం మూసినట్టన్న మాట. మరుసటి ఉదయం మొదటి నుంచి చదవకుండా ఆ పేజీ దగ్గరే తెరుస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం పాతదంతా వదిలేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

కాటా గది కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పుటలో 'అప్ టైమ్' చూపించినప్పుడు ఆ కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. ప్రతి రాత్రీ తాను ఆపుతున్న కంప్యూటర్ రోజుల తరబడి ఆగకుండా నడుస్తున్నట్టు అక్కడ ఉంది. కంప్యూటర్‌లో జరిగిన సంగతుల నమోదులను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ విభాగంలో, కెర్నెల్-బూట్ రాసే 27వ నంబరు నమోదు దీన్ని ఇంకా సూటిగా చెబుతుంది. బూట్ రకం 0ఎక్స్0 అని ఉంటే మొదటి నుంచి లేచినట్టు, 0ఎక్స్1 అని ఉంటే ఫాస్ట్ స్టార్టప్‌తో లేచినట్టు. వైఫై రాని ఉదయాలన్నిటికీ ఎదురుగా 0ఎక్స్1 ఉంది.

ఇక వైర్‌లెస్ చరిత్ర. విండోస్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీసు తన పనినంతా విడిగా నమోదు చేస్తుంది. కనెక్షన్ కుదిరితే 8001, ప్రయత్నించి విఫలమైతే 8002, తెగిపోతే 8003. పాస్‌వర్డు తప్పయినా, సంకేతం బలహీనమైనా 8002లు వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ వైఫై రాని ఉదయాల్లో, కంప్యూటర్ లేచిన క్షణం నుంచి డాంగిల్ పీకిన క్షణం దాకా ఏమీ లేదు. ఒక్క 8002 కూడా లేదు. డాంగిల్ మళ్లీ గుచ్చిన వెంటనే 8001. అంటే కనెక్షన్ విఫలం కావడం లేదు, అసలు ప్రయత్నమే జరగడం లేదు. ప్రయత్నించవలసిన సర్వీసుకు కింద నుంచి, అంటే అడాప్టర్ నుంచి, ఒక్క పేరు కూడా అందడం లేదు. నమోదు లేకపోవడాన్ని కూడా నమోదుగానే చదవాలని ఈ పని నేర్చుకునే పిల్లలకు నేను గట్టిగా చెబుతాను. ఈ కేసులో రౌటర్ మీద అనుమానం పూర్తిగా తొలగిపోయింది ఆ ఖాళీని చూసిన తరువాతే.

అయితే ఫాస్ట్ స్టార్టప్ లక్షల కంప్యూటర్లలో ఉంది, వాటిలో వైఫై బాగానే వస్తోంది. ఇక్కడే ఎందుకు చెడుతోంది? రాత్రి కంప్యూటర్‌ను ఎలా ఆపుతావని అడిగితే ఆ కుర్రవాడు, "షట్‌డౌన్ కొట్టి, బోర్డు మీద స్విచ్ కూడా తీసేస్తా సార్. ఉరుములప్పుడు పక్క యూనిట్లో మదర్‌బోర్డు పోయింది గదా" అన్నాడు. ఈ స్విచ్చే మిగిలిన చిక్కును విప్పింది. గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసిన డెస్క్‌టాప్‌లో కూడా పవర్ సప్లయ్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్తు నడుస్తూనే ఉంటుంది, చాలా మదర్‌బోర్డుల్లో అది యూఎస్‌బీ పోర్టులకూ అందుతుంది. స్విచ్ తీసేస్తే అదీ పోతుంది. చవక రకం వైఫై డాంగిళ్లలో చాలావాటికి తమ ఫర్మ్‌వేర్‌ను, అంటే తమను లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను, శాశ్వతంగా దాచుకునే చోటు ఉండదు. కరెంటు అందిన ప్రతిసారీ, కంప్యూటర్‌లోని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దాన్ని డాంగిల్‌లోకి ఎక్కించాలి. రాత్రంతా కరెంటు లేని డాంగిల్ ఉదయానికి ఖాళీగా లేస్తుంది. ఫాస్ట్ స్టార్టప్‌తో లేచిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిన్నటి స్థితినే గుర్తుపెట్టుకుని, డాంగిల్‌లో అంతా ఎక్కించే ఉందని అనుకుంటుంది. బాగా రాసిన డ్రైవరైతే కరెంటు పోయిందని గుర్తించి మళ్లీ ఎక్కిస్తుంది; ఈ డాంగిల్‌కు ఉన్నది పాతది, ఆ జాగ్రత్త లేనిది. అందువల్ల డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కూడా లేకుండా "సరిగా పనిచేస్తోంది" అని ఉంటుంది, కానీ చెవి మాత్రం వినపడదు. పీకి గుచ్చితే విండోస్ దాన్ని కొత్తగా వచ్చిన పరికరంగా భావించి ఫర్మ్‌వేర్‌ను మొదటి నుంచి ఎక్కిస్తుంది.

వివరణ ఎంత పొందికగా ఉన్నా పరీక్షకు నిలబడాలి. షట్‌డౌన్ చేసి, బోర్డు స్విచ్ ముట్టుకోకుండా మళ్లీ ఆన్ చేస్తే వైఫై వచ్చింది. షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి, సీపీయూలో మిగిలిన విద్యుత్తు దిగిపోయేదాకా కాసేపు ఆగి ఆన్ చేస్తే రాలేదు. ఆ తరువాత షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేశాను. అలా చేస్తే విండోస్ ఆ ఒక్కసారికి ఫాస్ట్ స్టార్టప్‌ను పక్కన పెట్టి పూర్తిగా ఆగుతుంది. స్విచ్ ఆపి, మళ్లీ అంతసేపే ఆగి, ఆన్ చేస్తే వైఫై వచ్చింది. వైఫై రాని స్థితిలో ఉండగా డాంగిల్‌ను కదపకుండా డివైస్ మేనేజర్‌లో డిసేబుల్, ఎనేబుల్ చేసినా వచ్చింది. స్విచ్ ఆపడం, ఫాస్ట్ స్టార్టప్ రెండూ కలిసినప్పుడే చెడుతోందనీ, ఏ ఒక్కటి తొలగినా బాగానే ఉంటోందనీ దీనితో రుజువైంది. విండోస్ మళ్లీ ఎక్కించినా ఎందుకు బాగుపడలేదో కూడా తేలింది: కొత్తగా ఎక్కించిన విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్ అయ్యే వస్తుంది. అదే మోడల్ డాంగిల్ కొంటే అదే డ్రైవర్ దానికీ వస్తుంది.

స్విచ్ ఆపవద్దని కుర్రవాడికి చెప్పి చేతులు దులుపుకోవచ్చు. నేను ఆ దారి పట్టలేదు. వేసవి ఉరుములకూ, తుపాను రోజుల్లో వచ్చిపోయే కరెంటుకూ భయపడి రాత్రిపూట స్విచ్ తీసేయడం మంచి అలవాటు. కంప్యూటర్ ఆ అలవాటుకు తగ్గట్టు నడవాలి గానీ మనిషి కంప్యూటర్ లోపానికి తగ్గట్టు మంచి అలవాటు మానుకోకూడదు. డ్రైవర్‌కు కొత్త వెర్షన్ ఉందేమో వెతికాను, ఉన్నది ఎక్కించినా ప్రవర్తన మారలేదు. అందువల్ల కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లు, అందులో పవర్ బటన్లు ఏం చేయాలన్న పుట తెరిచి, ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేశాను. ఆ టిక్కు మసకగా ఉండి కదలకపోతే, పైన ఉన్న 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చు' అన్న లింకు ముందు నొక్కాలి. ఈ యంత్రంలో హైబర్నేషన్, అంటే తెరిచి ఉన్న పనినంతా డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపే పద్ధతి, ఎవరూ వాడరు కాబట్టి అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో దాన్నీ ఆపేశాను. ఫాస్ట్ స్టార్టప్ నిలబడేదే దాని మీద. డిస్కులో కొన్ని జీబీల చోటు కూడా మిగిలింది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ కాబట్టి ఆన్ కావడంలో ఆలస్యం కొద్ది సెకన్లే.

డాంగిల్‌ను వెనక పోర్టు నుంచి తీసి, ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ఆఫీసు వైపు కిటికీ దగ్గరికి చేర్చాను. రేకు గదిలో, సీపీయూ వెనక, బల్ల కింద దాగి ఉన్న డాంగిల్‌కు సంకేతం ఎలాగూ పలచబడుతుంది. దానికి తోడు యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వెలువడే రణగొణ 2.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండుకు అడ్డు వస్తుందని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. ఇది ఉదయపు లోపానికి మందు కాదు, కానీ చేయదగిన పని.

ఆ తరువాత ఉదయాలు సాఫీగా గడిచాయి, కరెంటు పోయి వచ్చిన రోజులు తప్ప. అలాంటి రోజుల్లో "మళ్లీ వైఫై రాలేదు" అని ఫోన్ వచ్చేది. చూస్తే నమోదులో 8001 ఉంది, కాకపోతే ఆలస్యంగా ఉంది. యూనిట్‌కంతా ఒక్కసారే కరెంటు రాగానే కంప్యూటర్ అర నిమిషంలోపే సిద్ధమవుతుంది. ఫైబర్ పెట్టె, రౌటర్ లేచి వైఫై ప్రకటించడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటాయి. విండోస్ తన పని తాను చేస్తూ, రౌటర్ కనిపించగానే కనెక్ట్ అవుతోంది. తూకం సాఫ్ట్‌వేర్ మాత్రం కంప్యూటర్‌తో పాటే మొదలై, ఉమ్మడి ఫోల్డర్‌ను ఒక్కసారే వెతికి, దొరక్కపోతే లోపం చూపించి అక్కడే కూర్చుంటోంది. తెర మీద ఫిర్యాదు ఒకటే, కారణం వేరు. ఇక్కడ వైఫైలో ఏ లోపమూ లేదు.

దీనికి తూకం సాఫ్ట్‌వేర్‌ను స్టార్టప్ ఫోల్డర్ నుంచి తీసి, టాస్క్ షెడ్యూలర్ ద్వారా ఒక చిన్న బ్యాచ్ ఫైలుకు, అంటే వరుసగా నడిచే ఆదేశాల ఫైలుకు, అప్పగించాను. ఉమ్మడి ఫోల్డర్‌లో నేను పెట్టిన ఒక ఖాళీ ఫైలు కనిపిస్తోందా అని అది కొద్ది సెకన్లకొకసారి చూస్తుంది; కనిపించాకే డ్రైవ్ అక్షరాన్ని కలిపి, సాఫ్ట్‌వేర్‌ను తెరుస్తుంది. అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని అడిగే పింగ్ ఆదేశంతో పరీక్షించడం తేలిక గానీ నేను దాన్ని నమ్మను. గమ్యం అందుబాటులో లేదన్న సమాధానం వచ్చినా విండోస్ పింగ్ దాన్ని విజయంగానే లెక్కగట్టే సందర్భాలున్నాయి. పైగా ఆఫీసు కంప్యూటర్ పింగ్‌కు పలికినంత మాత్రాన ఫోల్డర్ తెరుచుకుంటుందన్న హామీ లేదు. మనకు కావలసింది ఫోల్డర్ కాబట్టి ఫోల్డర్‌నే అడగాలి. ఐదు నిమిషాలు గడిచినా ఫైలు కనిపించకపోతే, ఆఫీసు కంప్యూటర్ ఆన్‌లో ఉందో లేదో చూడమనీ, ఈలోగా చేతి చీటీలు రాయమనీ తెలుగులో ఒక సందేశం వస్తుంది. లారీ ఎదురుగా నిలబడి ఉండగా కుర్రవాడికి కావలసింది ఏం చేయాలో చెప్పే మాట. ఆఫీసు కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేలా రౌటర్‌లో రిజర్వ్ చేసి, రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టించాను. కరెంటు కొద్దిసేపు పోయివస్తే అవి అసలు ఆగనే ఆగవు.

స్విచ్ తీసేసే కంప్యూటర్లలో మరొకటి కూడా చూడాలి. మదర్‌బోర్డు మీద ఉండే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు లేని రాత్రి గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది. వైఫై వస్తుంది, చిరునామా వస్తుంది, కానీ బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది, ఎందుకంటే భద్రతా సర్టిఫికెట్ల గడువు తేదీని బట్టే సరిచూస్తారు. అది కూడా "పొద్దున్నే నెట్ రాలేదు" అన్న ఫిర్యాదుగానే మన దగ్గరికి వస్తుంది. ఇక్కడ గడియారం ఇంకా సరిగ్గానే ఉంది గానీ, పాతబడిన బ్యాటరీ కాబట్టి మార్చేశాను.

ఇప్పుడు కాటా గదిలో డాంగిల్ పీకే పని లేదు. మిగిలిన సంగతి ఒకటే: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఈ కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చడమో, వేరే కంప్యూటర్ కొనడమో తప్పదు. అలా మార్చినప్పుడు ఫాస్ట్ స్టార్టప్ తిరిగి ఆన్ అయి ఉండవచ్చు. మార్చిన రోజున షట్‌డౌన్ చేసి, బోర్డు స్విచ్ ఆపి, కాసేపు ఆగి మళ్లీ ఆన్ చేసి, వైఫై దానంతట అదే వచ్చిందని చూసుకున్న తరువాతే కంప్యూటర్‌ను కాటా గదికి అప్పగించాలని యూనిట్ వారికి రాసి ఇచ్చాను.